డైనోసార్ల వేట ఆట మీద ఒక గుమాస్తా నోటు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కూడి, 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని గురించీ, కరువు భత్యం గురించీ నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "ఇంటికి పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఎంచుకున్న విషయం చెబితే మీరు నవ్వుతారు. అయినా ఫరవాలేదు. నేను ఈ రోజు ఒక వీడియో గేము గురించి మాట్లాడబోతున్నాను. దాని పేరు టురోక్, డైనోసార్ హంటర్. అంటే డైనోసార్లను వేటాడేవాడు.

తారీఖు కూడా చిత్రంగా కలిసింది. ఈ ఆట మొదట అమెరికాలో 1997 మార్చిలో వచ్చింది. దాన్ని బాగుచేసి కంప్యూటర్లకు మళ్ళీ విడుదల చేసింది 2015 డిసెంబరు 17న. మన పండుగ రోజునే!

మొన్నటి సంక్రాంతి సెలవులకు మా మనవడు హైదరాబాదు నుంచి నంద్యాలకు వచ్చాడు. తొమ్మిదో తరగతి. వచ్చిన రెండో రోజు నుంచీ మధ్య గదిలోంచి తుపాకుల మోత, ఏదో జంతువు అరుపు, మధ్యలో మనిషి కేక. మా ఇంటావిడ రెండుసార్లు పరుగున వెళ్ళి చూసివచ్చింది. మూడోసారి మా కోడలు నా దగ్గరకు వచ్చి, "మామా, నేను చెబితే వినడం లేదు, వాళ్ళ నాన్న చెబితే పోట్లాట అవుతోంది. మీరు ఒకసారి చూసి చెప్పండి. ఉంచమంటే ఉంచుతాను, తీసెయ్యమంటే తీసేస్తాను" అంది.

నేను ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఫైలు చదవకుండా నోటు రాసే అలవాటు నాకు లేదు. "మూడు రోజులు గడువివ్వమ్మా" అన్నాను. వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు మొదట అనుమానంగా చూశాడు. తర్వాత, "తాతా, నువ్వూ ఆడతావా?" అన్నాడు.

ముందు ఆట ఏమిటో చెబుతాను. మనలో చాలామందికి మనవళ్ళు ఏం ఆడుతున్నారో తెలియదు కనుక కొంచెం వివరంగానే చెప్పాలి.

ఈ తరహా ఆటల్లో తెర మీద కథానాయకుడు కనబడడు. ఆయుధం పట్టుకున్న చేయి మాత్రం కనబడుతుంది. మనం చూసేది అతని కళ్ళతో. అతను తిరిగితే లోకం తిరుగుతుంది. సినిమాలో హీరో కాలుస్తుంటే మనం కుర్చీలో కూర్చుని చూస్తాం. ఇక్కడ కాల్చేది మనమే.

కథ ఇదీ. టురోక్ అనేది ఒక మనిషి పేరు కాదు, ఒక బాధ్యత పేరు. మన ఊళ్ళల్లో గ్రామ కరణం పని వంశపారంపర్యంగా వచ్చినట్టు, అమెరికాలోని ఆదివాసీ యోధుల వంశంలో ఒక తరం నుంచి మరో తరానికి సంక్రమిస్తుంది. కాలమనేదే లేని ఒక లోకం, అందులో డైనోసార్లు. ఆ లోకానికీ మన లోకానికీ మధ్య ఉన్న అడ్డుగోడను కాపాడటం అతని పని. ఒక దుర్మార్గుడు ఆ గోడను బద్దలు కొట్టాలని చూస్తాడు. దానికి కావలసిన ఆయుధం పూర్వం ముక్కలై ఎనిమిది చోట్ల పడి ఉంది. ఆ ముక్కలనూ, ఒక్కొక్క ప్రాంతానికి తలుపు తెరిచే తాళంచెవులనూ వెతికి పట్టుకోవాలి. మొదట చేతిలో ఒక కత్తి, ఒక విల్లు మాత్రం ఉంటాయి. పోనుపోను పిస్తోలు, తుపాకీ, గ్రెనేడ్లు, రాకెట్లు వచ్చి చేరతాయి.

ఈ టురోక్ కొత్తవాడు కాదు. 1954లోనే అమెరికా బొమ్మల పుస్తకాల్లో పుట్టాడు. ఆ పాత కథలో అతనూ, అందార్ అనే కుర్రవాడూ బయటికి దారి లేని ఒక లోయలో చిక్కుకుపోతారు. చేతిలో విల్లు, విషం పూసిన బాణాలు. డైనోసార్ మీదపడితే కొడతారు, లేకపోతే తప్పుకుంటారు. వాళ్ళ తాపత్రయమంతా ఇంటికి పోయే దారి కోసం. నలభై ఏళ్ళ తర్వాత టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఇగ్వానా అనే సంస్థ వాళ్ళు దాన్ని ఆటగా మలిచేసరికి, ఇంటికి పోయే దారి పోయింది, రాకెట్లు మిగిలాయి.

నేను ఆడాను. దాచుకోవలసిన పనేముంది! కీబోర్డు మీద డబ్ల్యు, ఎ, ఎస్, డి అనే నాలుగు అక్షరాలతో నడవాలి. టైపు హయ్యరు ప్యాసైన వేళ్ళు కనుక చూడకుండానే దొరికాయి. మనవడు ఆశ్చర్యపోయాడు. కుడిచేతి మౌసు మాత్రం నా మాట వినలేదు. మొదటి రోజంతా ఆకాశాన్నీ నేలనూ కాల్చాను.

న్యాయంగా చెప్పాలంటే ఆటలో మంచి ఉంది. అడవి బాగుంది. చెట్లు, శిథిలమైన గుళ్ళు, నీళ్ళు, దూరంగా ఏదో అరుపు. 1997 నాటి ఆటలో దూరమంతా పొగమంచు కప్పేసి ఉండేదట. అప్పటి యంత్రానికి దూరంలో ఉన్నదంతా చూపే శక్తి లేక, తయారుచేసినవాళ్ళు పొగమంచు అడ్డం పెట్టారు. 2015 నాటి ఆటలో ఆ మంచు చాలావరకు తొలగించారు. నాకు మంచే బాగుంటుందనిపించింది. పుష్యమాసంలో తెల్లవారుజామున ఆళ్ళగడ్డ దాటి అహోబిలం దారిలో పోతుంటే నల్లమల ఉన్నచోట ఏమీ కనబడదు. పది అడుగులు వేస్తే చెట్టు బయటపడుతుంది. అలాంటి చోట భయం ఉంటుంది, జాగ్రత్తా ఉంటుంది.

ఓపిక కూడా నేర్పుతుంది. దారి తప్పితే మళ్ళీ వెనక్కి వచ్చి వెతుక్కోవాలి. నేను డైనోసార్ల నోట పడి చచ్చినదానికన్నా, ఒక స్తంభం మీద నుంచి ఇంకో స్తంభం మీదికి దూకబోయి లోయలో పడి చచ్చింది ఎక్కువ. మనవడు పక్కనుంచి, "తాతా, అంచుదాకా పోయి దూకు, ముందే దూకొద్దు" అని చెప్పేవాడు. డెబ్బై దాటినవాడికి అంచుదాకా పొమ్మని చెప్పే మనిషి మా ఇంట్లో వాడొక్కడే.

ఇక చెడు. చెడంటే మా కోడలికి కనిపించింది నెత్తురు. అది ఉంది. ఆటలో డైనోసార్లే కాదు, మనుషులూ శత్రువులే. మెడలో గుండు తగిలితే మనిషి గొంతు పట్టుకుంటాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు చిమ్ముతుంది, మోకాళ్ళ మీద కూలుతాడు. అమెరికాలో ఆటలకు వయసు ముద్ర వేసే సంస్థ దీనికి పదిహేడేళ్ళు నిండినవారికి అని ముద్ర వేసింది. మా వాడికి పద్నాలుగు. ఈ ఒక్క మాటతో నోటు ముగించి, తీసెయ్యమని రాసేయవచ్చు. కానీ నన్ను నిలబెట్టింది నెత్తురు కాదు.

చచ్చినవాళ్ళు కాసేపటికి మాయమైపోతారు. అదీ నన్ను నిలబెట్టింది. కొన్ని క్షణాల్లో నేల శుభ్రం. కాసేపు తిరిగి అక్కడికే వస్తే, అలాంటివాళ్ళే మళ్ళీ నిలబడి ఉంటారు. మళ్ళీ కాల్చవచ్చు. మెరిసే తునకలు కూడా దొరుకుతాయి. అవి నూరు పోగుచేస్తే మనకు ఇంకొక ప్రాణం అదనంగా వస్తుంది. అంటే మన ప్రాణానికి లెక్క ఉంది, ఖాతా ఉంది. అవతలివాడి ప్రాణానికి లెక్క లేదు.

మూడో రోజు సాయంత్రానికి నా చేయి కుదురుకుంది. ఇరుకు దారిలో ముగ్గురు ఎదురొస్తే ముగ్గురినీ పడగొట్టాను. మనవడు చప్పట్లు కొట్టాడు. నాకూ సంతోషమైంది. ఈ మాట ఈ వేదిక మీద చెప్పడానికి సంకోచిస్తున్నాను గానీ, నిజంగానే సంతోషమైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి.

మీలో చాలామందికి తెలుసు, మన ప్రాంతంలో ఒకప్పుడు నాటుబాంబుల కాలం నడిచింది. నేను 1980ల్లో ఒక రెవెన్యూ కార్యాలయంలో మెజిస్టీరియల్ సెక్షను చూసేవాణ్ణి. బైండోవరు కేసులు, తుపాకీ లైసెన్సుల రెన్యూవళ్ళు, శవ పంచనామాలు నా బల్ల మీదికి వచ్చేవి. అనుమానాస్పదంగా గానీ, హత్య జరిగి గానీ మనిషి పోతే పోలీసులు పంచాయతీదార్ల సమక్షంలో పంచనామా రాసి, నకలు మెజిస్ట్రేటుకు పంపాలని చట్టం. నేను వాటికి నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, ఫైలు కట్టేవాణ్ణి. కొన్ని వారాల్లో రోజుకొకటి వచ్చేది. మొదట్లో చదివేవాణ్ణి. తర్వాత్తర్వాత పేరు, ఊరు, తేదీ చూసి నంబరు వేయడమే.

ఒకనాడు ఒక ముసలి రైతు వచ్చాడు. పంతొమ్మిదేళ్ళ కొడుకు పోయాడు. ఆ అబ్బాయి ఏ వర్గం మనిషీ కాదు. బస్సు దిగి నడిచి వస్తుంటే ఎవరి కోసమో వేసిన బాంబు పేలింది. తండ్రికి పంచనామా నకలు కావాలి. దరఖాస్తులో ఏదో కాగితం తక్కువైందని పంపించేశాను. మళ్ళీ వచ్చాడు. కోర్టు ఫీజు స్టాంపు లేదని పంపించాను. అలా నాలుగు సార్లు తిప్పాను. రూలు ప్రకారం నాది తప్పు కాదు. ఇప్పటికీ ఎవరైనా ఆ ఫైలు తీసి చూస్తే నా మీద చిన్న రిమార్కు కూడా ఉండదు.

నాలుగోసారి నకలు చేతికిచ్చాను. ఆయనకు చదువు రాదు. "సార్, ఏమి రాసినారో రోంత చదివి చెప్తారా?" అన్నాడు. చదివాను. మనిషి ఎత్తు, రంగు, గాయాలు, తర్వాత ఒంటి మీద బట్టలు. నీలం గళ్ళ చొక్కా ఒకటి. ఖాకీ ప్యాంటు ఒకటి. ఎడమ కాలి చెప్పు ఒకటి. అక్కడ ఆయన నన్ను ఆపాడు. "కుడికాలి చెప్పు ఏమైనాది సార్?" అన్నాడు.

నేను కాగితం తిప్పి చూశాను. దాని గురించి రాసి లేదు. "రాయలేదు పెద్దాయనా" అన్నాను. "కొత్త చెప్పులు సార్, మొన్ననే నంద్యాలలో తీసుకున్యాడు" అని, కాగితం మడిచి పంచె కొంగున కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఆ సెక్షనులో ఉన్నంతకాలం ప్రతి పంచనామా చివరి వరకూ చదివాను. అంతకన్నా నేను చేయగలిగింది లేదు.

అందుకని నాకు నిద్ర పట్టలేదు. ఆ ఆటను తప్పు పట్టడం తేలిక. కానీ చచ్చినవాడిని కాసేపట్లో మాయం చేసే పని నేను కూడా చేశాను, జీతం తీసుకుని, రూలు ప్రకారం చేశాను. నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టేశాను. ఆ ముసలాయన వచ్చి అడగబట్టి ఆ అబ్బాయికి కాళ్ళు రెండు ఉండేవని నాకు తెలిసింది.

మర్నాడు మనవడికి ఈ సంగతి చెప్పాను. నీతి ఏమీ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు విన్నాడు. "ఇది ఆట కదా తాతా" అన్నాడు. అవునన్నాను. వాడు మళ్ళీ కంప్యూటరు తెరిచాడు. నాకు కొంచెం కష్టంగానే ఉండింది, కానీ ఊరుకున్నాను. సాయంత్రం భోజనాల దగ్గర, అన్నం కలుపుకుంటూ, ఉన్నట్టుండి అడిగాడు: "తాతా, ఆ రెండో చెప్పు దొరికిందా?" దొరకలేదని చెప్పాను.

ఆ రాత్రి వాడే నాకు ఇంకో ఆట చూపించాడు. దాని పేరు కార్నివోర్స్. 1998లో ఉక్రెయిన్ దేశపు కీవ్ నగరంలోని యాక్షన్ ఫామ్స్ అనేవాళ్ళు చేశారు. అదీ డైనోసార్ల వేటే. కానీ పద్ధతి వేరు. ముందు మన దగ్గరున్న పాయింట్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి! ఏ ప్రాంతానికి, ఏ జంతువుకు, ఏ ఆయుధానికి, అన్నిటికీ పాయింట్లు కట్టాలి. తుపాకీ లైసెన్సుల సెక్షను చూసినవాణ్ణి కనుక నాకు ప్రాణం లేచివచ్చింది. దిగిన తర్వాత గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. గాలి మన వైపు నుంచి జంతువు వైపు వీస్తే వాసన పట్టి పారిపోతుంది, లేదా మన మీదికే వస్తుంది. అరగంట నడిస్తే ఒక్క జంతువు కనబడవచ్చు. ఒక్క గుండు తప్పితే ఆ రోజు వేట ముగిసినట్టే. టీరెక్స్ అనే పెద్ద రాకాసిని కంట్లో కొడితే తప్ప చంపలేం. పడగొట్టిన జంతువు కోసం విమానంలాంటిది వచ్చి తీసుకుపోతుంది, అది మన లెక్కలో ఎక్కుతుంది. కాల్చకుండా తిరిగి చూసి రావడానికి కూడా వీలుంది.

ఇది మంచి ఆట అని నేను అనను. జంతువును చంపి, బొమ్మ చేసి గదిలో నిలబెట్టుకోవడం ఇందులో గొప్ప. కానీ ఒక్కొక్క ప్రాణి మీద ఎంతసేపు దృష్టి పెట్టవలసి వస్తుందో చూడండి. అది ఎటు పోతుంది, ఏం వింటుంది, ఏం వాసన పడుతుంది అని తెలుసుకోవాలి. టురోక్‌లో గంటలో వందమందిని చంపినా ఒక్కరి ముఖం గుర్తుండదు.

ఇంతలో కనుమ వచ్చింది. మా వాణ్ణి తీసుకుని ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం వెళ్ళాను. కనుమ నాడు నరసింహస్వామి పారువేటకు బయలుదేరుతాడని మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ హైదరాబాదులో పెరిగిన పిల్లవాడికి చెప్పవలసి వచ్చింది. స్వామి వేటకు పోతాడంటే వాడి కళ్ళు మెరిశాయి. "ఏం వేటాడతాడు తాతా?" అన్నాడు. చూడు అన్నాను. చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి మీదికి బాణాలు వేశారు. దేవుడి మీదికి బాణాలేమిటని వాడు నిర్ఘాంతపోయాడు. చెంచులక్ష్మి వాళ్ళ ఆడపడుచు, స్వామి వాళ్ళ అల్లుడు, అది బావమరుదుల మర్యాద అని పక్కనున్న ఒకాయన చెప్పి నవ్వాడు. అక్కడి నుంచి పల్లకి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది. వేట పేరుతో బయలుదేరిన స్వామి చేసే పని ఏమిటంటే, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని ఇంటింటినీ పిలవడం.

మా వాడు తిరుగు బస్సులో అడిగాడు: "అయితే ఎవర్నీ చంపడా?" హిరణ్యకశిపుణ్ణి చంపినవాడు ఈయనే, చంపడం తెలియనివాడు కాదు అని చెప్పాను. అంతకన్నా వివరించడం నాకు చేతకాలేదు.

ఆ బస్సులోనే, "నల్లమలలో డైనోసార్లు ఉండేవా?" అని కూడా అడిగాడు. దీనికి మాత్రం తడుముకోకుండా జవాబిచ్చాను. మన కింద ఉన్న రాళ్ళకు భూగర్భ శాస్త్రజ్ఞులు మన ఊళ్ళ పేర్లే పెట్టారు: నంద్యాల షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి, పాణ్యం క్వార్ట్‌జైటు. ఇవి యాభై కోట్ల ఏళ్ళకు మునుపటివి. డైనోసార్లు పుట్టింది దాదాపు ఇరవై మూడు కోట్ల ఏళ్ళ కిందట. కనుక మన బండల్లో వాటి ఎముకలు దొరకవు. బేతంచెర్ల దగ్గర బిళ్ళసర్గం గుహల్లో 1880ల్లో తవ్వితే దొరికినవి చాలా తర్వాతి జంతువులవి, అందులో ఖడ్గమృగం ఒకటి. దానికి శాస్త్రంలో కర్నూలు పేరే పెట్టారు. కర్నూలులో ఖడ్గమృగం ఉండేదంటే వాడు నమ్మలేదు. ఇప్పుడు లేదు కదా అన్నాడు. లేదు మరి. అంత దూరం పోనక్కరలేదు. రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. నేను ఉద్యోగంలో ఉండగా క్యాంపు పోతూ జీపులోంచి రెండుసార్లు చూశాను. ఇప్పుడు అక్కడికి పోయినా అది కనబడటం గగనం. ఆటలో అయితే కాల్చినచోటనే మళ్ళీ నిలబడి ఉంటుంది. రోళ్ళపాడులో నిలబడదు.

సెలవులు అయ్యాక వాణ్ణి హైదరాబాదులో దింపడానికి నేనే వెళ్ళాను. బిర్లా సైన్సు మ్యూజియంకు తీసుకుపోయాను. అక్కడ కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో గోదావరి లోయలో, యామన్‌పల్లి అనే తెలుగు ఊళ్ళో దొరికిన ఎముకలవి. భారత భూగర్భ సర్వే వాళ్ళు తవ్వితీశారు. ఆ సంస్థకు చెందిన పి. యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అంతకు ముందే ఆ గోదావరి లోయలోనే కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇంకొకదాన్ని తవ్వి, 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ఠాగూరు శతజయంతి సంవత్సరంలో తవ్వారు గనుక ఆ పేరు.

వీళ్ళూ డైనోసార్ల వేటగాళ్ళే. చేతిలో సుత్తి, ఉలి, కుంచె. కోట్ల ఏళ్ళ కిందట చచ్చిన, ఆకులూ అలములూ తినే జంతువుకు ఒక్కొక్క ఎముకకూ నంబరు వేసి, ఏ ఎముక ఎక్కడ దొరికిందో రాసుకుని, కాలికి కాలు, వెన్నుకు వెన్ను కూర్చి నిలబెట్టారు. మా వాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కాళ్ళ దగ్గర వంగి చాలాసేపు చూశాడు. "అన్ని ఎముకలూ దొరికాయా తాతా?" అన్నాడు. ఎప్పుడైనా అన్నీ దొరకవు నాయనా, దొరికినవి పెట్టుకుని దొరకనివి ఎలా ఉంటాయో ఆలోచించి చేరుస్తారు అని చెప్పాను. వాడు ఏం అర్థం చేసుకున్నాడో నాకు తెలియదు.

ఇంటికి వచ్చి కోడలికి నోటు పెట్టాను. అలవాటు చొప్పున కాగితం మీదే రాశాను. అందులోని విషయం యథాతథంగా మనవి చేస్తాను.

"ఒకటి. సదరు ఆట పదిహేడేళ్ళు నిండినవారికి ఉద్దేశించినది. అబ్బాయికి పద్నాలుగు. కనుక ఒంటరిగా గది తలుపు వేసుకుని ఆడరాదు.

రెండు. పూర్తిగా తీసివేయమని సిఫారసు చేయడం లేదు. తీసేస్తే స్నేహితుల ఇంట్లో ఆడతాడు. అప్పుడు పక్కన తాత ఉండడు.

మూడు. పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన కూర్చోవాలి. కూర్చున్నవారు ఊరికే కూర్చోకుండా కనీసం ఒక్క గడి తామూ ఆడాలి. ఆడనివారి మాటకు విలువ ఉండదని అనుభవంలో తేలింది.

నాలుగు. చదువులు, నిద్ర పాడవకుండా వేళలు కోడలి గారే నిర్ణయించవలెను.

ఐదు. పదిహేడేళ్ళు నిండాక అబ్బాయి ఇష్టం. ఈలోగా చెప్పవలసినవి చెప్పే బాధ్యత ఈ నోటు రాసినవారిది."

మా కోడలు చదివి, "అంతా బాగుంది గానీ మామా, ఆ మూడోది నాకు రాదు" అంది. నేర్పుతానన్నాను. ఇప్పుడు దసరా సెలవుల్లో మా ఇంట్లో తల్లీకొడుకులు ఆ కార్నివోర్స్ ఆడారు. గాలి ఎటుందో చూడకుండా పోయి ఆమె మూడుసార్లు డైనోసార్ నోట పడింది. పిల్లవాడు పడీ పడీ నవ్వాడు. ఆ ఇంట్లో ఆ ఇద్దరి మధ్యా సంవత్సరం నుంచీ పోట్లాటే తప్ప నవ్వు లేదు.

మిత్రులారా, నా ప్రసంగం ముగిస్తాను. మనం సర్వీసులో ఉన్నప్పుడు ఏ కాగితం ఎంతకాలం ఉంచాలో రూలు ఉండేది. ఎల్.డిస్. అయితే ఏడాది, ఆర్.డిస్. అయితే శాశ్వతం. మన మనవళ్ళు ఆడే ఆటల్లో చావు ఏడాది కూడా ఉండదు, కొన్ని క్షణాలే. వాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు, ఆ ఆటలు ఎక్కడో ఆస్టిన్‌లో, కీవ్‌లో తయారయ్యాయి. కానీ మన దగ్గర వాళ్ళకు లేనిది ఒకటుంది. ఒక్కొక్కరం ముప్పై, ముప్పై అయిదేళ్ళు మనుషుల కాగితాలు చూశాం. రెవెన్యూలో, ఆసుపత్రిలో, పోలీసులో, బడిలో, కోర్టులో. ఆ కాగితాల వెనక వచ్చి నిలబడ్డ మనుషులను చూశాం. కొందరిని సరిగ్గా చూశాం, కొందరిని చూడలేదు. రెండూ పిల్లలకు చెప్పాలి. మనం బాగా చేసినవే చెబితే వాళ్ళు నమ్మరు.

నా మనవడు ఇప్పటికీ టురోక్ ఆడుతున్నాడు. మొన్న ఫోనులో, "తాతా, నేను ఆరో తాళంచెవి కనిపెట్టాను" అన్నాడు. శభాష్ అన్నాను. తర్వాత కాసేపాగి, "ఈ సంక్రాంతికి కూడా పారువేటకు పోదామా?" అని అడిగాడు. పోదామన్నాను.